పాత పికప్‌కి స్కార్పియో ఇంజన్: ముందు టైరు దగ్గర కూర్చుందాం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. నాన్నగారి చేతి బండి, 1994 మోడల్ మహీంద్రా పికప్. ప్యూజో లైసెన్సుతో చేసిన 2112 సీసీ డీజిల్ ఇంజన్, నాలుగు గేర్లు. ఒకప్పుడు పాలకొల్లు నుంచి కొబ్బరికాయలు మోసింది. ఇప్పుడు చెరువు గట్ల మీద మేత బస్తాలు, ఐసు, పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, వాటి ట్రేలు మోస్తోంది. యాక్సిడెంట్ అయిన స్కార్పియో తాలూకు 2.2 ఎంహాక్ ఇంజన్ విజయవాడ ఆటోనగర్‌లో చూసి వచ్చారు. దాన్ని ఎక్కించి, రీమ్యాప్ చేయించి, అంటే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి, 180 హార్స్‌పవర్ లాగాలని, గేర్‌బాక్సూ వెనక హౌసింగూ (వెనక యాక్సిల్, దాని గేర్లూ ఉండే ఇనప గుండు) పాతవే ఉంచాలని, ఏడాదికి రెండుసార్లు మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలని మీ ఆలోచన. అడ్వాన్సు ఇచ్చేయమంటారా అని అడిగారు.

ఇప్పుడే ఇవ్వకండి. ఇంజన్ మంచిదే, అందులో పేచీ లేదు. ప్లాన్ మాత్రం తలకిందులుగా వేశారు. మన దగ్గరికి వచ్చే కుర్రాళ్లందరూ ఇంజన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తారు. నేను టైరు దగ్గర మొదలుపెట్టి, యాక్సిల్, దాన్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్, గేర్‌బాక్సు మీదుగా ముందుకు నడిచి, చివర ఇంజన్ దగ్గర ఆగుతాను. అలా నడిస్తే సగం మందికి ఇంజన్ మార్చాల్సిన పనే ఉండదు.

మొదటి పని, మీ ఊరి రైస్ మిల్లు కాటాకి వెళ్లండి. బండి ఖాళీగా ఉన్నప్పుడు ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒక చీటీ, వెనక చక్రాలు మాత్రమే పెట్టి ఇంకో చీటీ తీయించండి. తర్వాత మామూలుగా వేసే లోడు వేసి మళ్లీ రెండు చీటీలు. ఈ నాలుగు అంకెలు లేకుండా ఏ మెకానిక్ ఏం చెప్పినా అది అంచనా మాత్రమే.

లెక్క చూపించడానికి నా అంకెలు వేస్తాను, మీరు మీవి వేసుకోండి. ఖాళీ బండిలో వెనక యాక్సిల్ మీద 650 కిలోలు, లోడుతో 1,500 కిలోలు అనుకుందాం. టైరు వ్యాసార్థం 0.35 మీటర్లు. ఎండిన తారు రోడ్డు మీద టైరు పట్టు సుమారు 0.7, తడిసిన గట్టు మీద 0.3 కూడా ఉండదు. బరువుని 9.81తోనూ, పట్టుతోనూ, వ్యాసార్థంతోనూ గుణిస్తే చక్రం జారకుండా నేలకి దిగగలిగిన టార్క్, అంటే తిప్పే బలం, వస్తుంది. ఖాళీ బండికి తారు మీద సుమారు 1,560 న్యూటన్ మీటర్లు, గట్టు మీద 670. లోడు బండికి తారు మీద 3,600, గట్టు మీద 1,545.

ఇప్పుడు ఇంజన్ వైపు నుంచి చూడండి. మీ ప్యూజో కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చినది సుమారు 120 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు రేషియో 4, యాక్సిల్ రేషియో 4.88 (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ 4.88 చుట్లు) అనుకుంటే చక్రాల దగ్గరికి 2,340 చేరుతుంది. అంటే లోడు వేసినా, తడి గట్టు మీద మీ ముసలి ఇంజనే టైరుని తిప్పి పారేయగలదు. ఎంహాక్ 280 ఇస్తే అదే గేరులో చక్రం దగ్గర 5,400 దాటుతుంది. దాంతో ఏం చేస్తారు? టైరు ఇంకా జోరుగా తిరిగి, ఇంకా లోతుగా గుంట తవ్వుతుంది, బండి హౌసింగ్ మీద కూర్చుంటుంది. గట్టు మీద మీకు కావాల్సింది లోతైన బటన్లున్న టైరు, బరువుని కాస్త వెనక్కి సర్దడం, వీలైతే రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పేలా లాక్ అయ్యే డిఫరెన్షియల్. థార్‌లో వచ్చిన మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ లాంటిది ఇలాంటి చోట అక్కరకొస్తుంది. ఒక చక్రం జారగానే తనే పట్టుకుంటుంది, డ్రైవర్ ఏమీ నొక్కక్కర్లేదు. అయితే అది మీ హౌసింగ్‌లో కూర్చోదు, యాక్సిల్ మొత్తం మార్చుకోవాలి. ఆ మాటకు తర్వాత వస్తాను.

ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టాలా అని కూడా అడిగారు. మీ పనికి వద్దు. బరువు, ఖర్చు, ఉప్పునీటికి తుప్పు పట్టే ఇంకో నాలుగు జాయింట్లు.

ఇక హైవే సంగతి. 216 మీద 80 దాటితే బండి అరుస్తోంది అన్నారు. అది పవర్ లేక అరవడం కాదండీ, గేరు లేక. పికప్ ఆకారానికి గాలి తోపుడు, టైరు రాపిడి కలిపి లెక్కేస్తే 100 కిలోమీటర్ల వేగానికి 35 హార్స్‌పవర్ చుట్టుపక్కల సరిపోతుంది. మీ ఇంజన్ కొత్తలో 60 పైచిలుకు ఇచ్చింది. అరుపంతా క్రౌన్ పినియన్ వల్ల, అంటే వెనక యాక్సిల్‌లోని ఆఖరి గేర్ల జత వల్ల వస్తోంది.

మీ బండిలో ఏ క్రౌన్ పినియన్ ఉందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. పాత జీపుల వంశంలో 4.88 ఉంది, 43 పళ్ల క్రౌను, 8 పళ్ల పినియనుతో 5.38 కూడా ఉంది. ముప్పై ఏళ్లలో ఎవరు ఏది మార్చారో. ఇలా చూసుకోండి: బండి న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకు చెక్కలు వేసి, వెనక ఒక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపండి. హ్యాండ్ బ్రేకు తీసేయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో ఒక గీత గీయండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. ఐదుకి కాస్త తక్కువ తిరిగితే 4.88, ఐదు దాటి ఇంకో మూడో వంతు తిరిగితే 5.38. ఒక్క చుట్టు తిప్పి లెక్కపెడితే సగమే వస్తుంది, రెండో చక్రం నేల మీద ఆగి ఉంది కాబట్టి. ఇక్కడ తప్పు లెక్కపెట్టి తప్పు క్రౌన్ కొన్నవాళ్లని చూశాను.

215/75 ఆర్ 15 టైరు 100 వేగంలో నిమిషానికి 754 చుట్లు తిరుగుతుంది. 4.88 యాక్సిల్, టాప్ గేరు ఒకటికి ఒకటి అయితే ఇంజన్ 3,680 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. అది ముసలి ఇంజన్‌కి హింస. అదే టైరుకి 4.1 యాక్సిల్, 0.8 ఐదో గేరు ఉంటే 2,470. వినడానికి వేరే బండిలా ఉంటుంది. కానీ ఆ 4.1ని 120 న్యూటన్ మీటర్ల ఇంజన్ లోడుతో లాగలేదు, ప్రతి బ్రిడ్జి ఎక్కుడులోనూ గేరు దించాలి. ఇంజన్ మార్చడానికి మీకున్న అసలు కారణం ఇదొక్కటే. పొడుగు గేరుని లాగే టార్క్ కావాలి, 180 హార్స్‌పవర్ కాదు.

మారేడుమిల్లి లెక్క కూడా వేసి పెడతాను. రెండున్నర టన్నుల బండి, నూరు మీటర్లకు 6 మీటర్లు ఎక్కే వాలు అనుకోండి. 40 వేగంలో 28 హార్స్‌పవర్, 60లో 47 చాలు. ఆ మలుపుల్లో 60 కంటే ఎక్కువ ఎవరు పోతారు? 120 హార్స్‌పవర్ ఇచ్చే ఎంహాక్ ఉంటే పైన బోలెడు మిగులుతుంది. అదే 2179 సీసీ ఇంజన్‌ని కంపెనీ 2011లో ఎక్స్‌యూవీ 500 కోసం 140 హార్స్‌పవర్, 330 న్యూటన్ మీటర్లకు పెంచింది. అది కూడా ఊరికే ల్యాప్‌టాప్ తగిలించి పెంచింది కాదు, ఆరు గేర్ల బాక్సుతో సహా చుట్టూ అన్నీ దానికి తగ్గట్టు మార్చుకుంది. కాబట్టి 180 మాట పక్కన పెట్టండి. రీమ్యాప్ చేసేవాడు టర్బో పగిలిన రోజున ఫోన్ ఎత్తడు.

ఇప్పుడు షాఫ్ట్ దగ్గరికి వద్దాం. ఇక్కడ నా సొంత బుద్ధితక్కువ ఒకటి చెప్పాలి.

పదేళ్ల పైమాటే. మొగల్తూరు వైపు చెరువులున్న ఒకాయన పాత పికప్ తెచ్చి, "గురువుగారండీ, బండి లాగట్లేదండి, ఏదో ఒకటి చెయ్యండి" అన్నారు. టర్బో ఇంజన్ ఎక్కించాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ పాతదే. చేత్తో ఆడించి చూశాను, షాఫ్ట్ చివర జాయింట్ మధ్యలో ఉండే క్రాసులో ఆట లేదు, గ్రీజు కొట్టి వదిలేశాను. రెండు నెలలు బంగారంలా నడిచింది. పట్టుబడి రోజు రాత్రి రెండు గంటలకు, నిండా ట్రేలతో గట్టు దిగి మళ్లీ రోడ్డు ఎక్కే చోట డ్రైవరు క్లచ్ ఒక్కసారి వదిలాడు. వెనక క్రాసు విరిగి, షాఫ్ట్ కిందపడి, మట్టిలో పలుగులా దిగింది. ఇంకో బండి వచ్చి ట్రేలు మార్చేసరికి తెల్లారిపోయింది. ఐసు నీళ్లైంది, రొయ్య తలలు నల్లబడ్డాయి, కంపెనీ వాళ్లు రేటు కోసేశారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున్నే షెడ్డుకొచ్చి, విరిగిన క్రాసుని నా బల్ల మీద పెట్టి, టీ తాగి వెళ్లిపోయారు. ఆ క్రాసు ఇప్పటికీ అక్కడే ఉంది.

లెక్క వేసి ఉంటే ముందే తెలిసేది. షాఫ్ట్ మీద పడేది ఇంజన్ టార్క్ ఇంటూ మొదటి గేరు. మీ బండికి ఇప్పుడు 120 ఇంటూ 4, అంటే 480. ఎంహాక్‌తో 1,120. షాఫ్ట్ ఆ రెట్టింపు దెబ్బ ఎన్నడూ చూడలేదు. అందుకే ఇంజన్‌తో పాటు దాని గేర్‌బాక్సు, దానికి సరిపడే షాఫ్ట్, ఆ దెబ్బకి తట్టుకునే యాక్సిల్ అన్నీ ఒకే బండి నుంచి ఒకే బేరంలో తీసుకోమంటాను. పాత నాలుగు గేర్ల బాక్సుకి ఎంహాక్ బిగించడానికి లేత్‌లో అడాప్టర్ ప్లేటు తిప్పించొచ్చు. కానీ ఇన్‌పుట్ షాఫ్ట్ ఫ్లైవీల్ మధ్యకి వెంట్రుక వాసి తేడా లేకుండా రావాలి, లేకపోతే క్లచ్ ప్లేటూ పైలట్ బేరింగూ నెలలు కూడా ఆగవు. అంత కష్టపడి సాధించేది ఏమిటి, ఐదో గేరు లేని బాక్సు.

యాక్సిల్ తెచ్చుకున్నాక ఛాసిస్ కింద అది కూర్చుంటుందా లేదా కొలవాలి. చక్రానికి చక్రానికి మధ్య దూరం, కమాన్ కట్టల (పట్టీ స్ప్రింగుల) మధ్య దూరం, హబ్బు బోల్టులు, హ్యాండ్ బ్రేకు కేబుల్ అన్నీ. స్కార్పియోకి వెనక కాయిల్ స్ప్రింగులు, మీకు కమాన్లు. కాబట్టి కమాన్ ప్యాడ్లు వెల్డింగ్ చేయాలి, అది అందరూ చేసే పని కాదు. ఒక పక్కే వేడి ఎక్కువైతే హౌసింగ్ అరటిపండులా వంగుతుంది. నన్నడిగితే కమాన్లున్న బొలెరో పికప్ యాక్సిల్ వెతకండి, సగం వెల్డింగ్ తప్పుతుంది.

షాఫ్ట్ కోణం గురించి చాలామంది పట్టించుకోరు. గేర్‌బాక్సు వెనక వైపు కిందికి ఎంత వాలితే, పినియన్ ముక్కు పైకి అంతే చూడాలి. రెండు చోట్లా క్రాసు మీద కోణం సమానంగా, 3 డిగ్రీల లోపు ఉంటే హాయి. మరీ సున్నా కూడా మంచిది కాదు, క్రాసులోని సూది బేరింగులు కదలక ఒకే చోట గుంట పడతాయి. కమాన్ బండిలో ఇంకో తిరకాసు ఉంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే కమాన్ ఎస్ ఆకారంలో మెలికపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. అందుకని ఆగి ఉన్నప్పుడు పినియన్‌ని ఒక డిగ్రీ కిందికే ఉంచుతాను. వీటన్నిటికీ మించి, షాఫ్ట్ చుట్టూ ఛాసిస్‌కి ఒక ఇనప పట్టీ కట్టించండి. మొగల్తూరు రాత్రి తర్వాత నా షెడ్డు నుంచి ఆ పట్టీ లేకుండా బండి బయటికి పోలేదు.

ఇంత చెప్పాక కూడా ఛాసిస్ చూడకుండా ఏదీ కొనొద్దు. మన దగ్గర బండి పాడయ్యేది కిలోమీటర్ల వల్ల కాదు, రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పునీళ్ల వల్ల. ఆ నీళ్లు బాడీ పలకల సందుల్లోంచి దిగి, వెనక కమాన్ బ్రాకెట్ పైన, ఛాసిస్ గొట్టంలోపల నిలుస్తాయి. పైన నల్ల పెయింటు తళతళలాడుతుంటుంది. చిన్న సుత్తి తీసుకుని ముందు నుంచి వెనక్కి కొట్టుకుంటూ రండి. మంచి చోట గంటలా ఖణేల్‌మంటుంది, తిన్న చోట తడి మట్టిని కొట్టినట్టు డబ్ అంటుంది. డబ్ అన్న చోట స్క్రూడ్రైవరు పెట్టి నొక్కండి. పోయినేడు ఒక బండికి అలా నొక్కితే పిడి దాకా లోపలికి పోయింది. ఓనరు పక్కనే నిలబడి చూశాడు. ఆయన జేబులో ఇంజన్‌కి అడ్వాన్సు ఇచ్చిన రశీదు ఉంది.

ఛాసిస్ బాగుంటే ఇంజన్ మాట. మీ ముందు మూడు దారులున్నాయి. ప్యూజోకే సిలిండర్లు బోరు చేయించి, పంపు, నాజిల్స్ సెట్ చేయించడం మొదటిది. దానికి బయటి టర్బో కట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వద్దు. అది ముందుగది ఇంజన్ (డీజిల్ ముందు ఒక చిన్న గదిలో అంటుకుని, తర్వాత సిలిండర్‌లోకి వస్తుంది), కంప్రెషన్ రేషియో 20 దాటి ఉంటుంది, హెడ్డూ పిస్టన్లూ ఆ వేడికి చేసినవి కావు. రెండోది, మహీంద్రాలోనే వచ్చిన 2523 సీసీ డీఐ టర్బో, అంటే డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకే కొట్టే రకం. పేపరు మీద 63 హార్స్‌పవరే, కానీ టార్క్ 180 దాకా, అదీ 1,500 ఆర్‌పీఎం దగ్గరే. పంపు మెకానికల్ రకం చూసుకుంటే కంప్యూటర్ లేదు, మన ఊళ్లో ఏ మెకానిక్ అయినా రాత్రిపూట టార్చిలైటు వెలుగులో విప్పగలడు. మూడోది మీ ఎంహాక్.

గట్ల మీద పని చేసే బండికి నేను రెండోదే ఎక్కిస్తాను. మీరు ఉత్సాహంగా ఉన్నారు కాబట్టి ఎంహాక్ గురించీ చెబుతాను. అది కామన్ రైల్ ఇంజన్, డీజిల్ కొట్టడమంతా కంప్యూటర్ చేతిలో ఉంటుంది, కాబట్టి ఇనుముతో పాటు దాని నరాలన్నీ రావాలి. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే స్టార్ట్ కానివ్వనిది), దాని తాళం, ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ పెడలు, ఫ్యూజు బాక్సు, సెన్సార్లు, డీజిల్ ఫిల్టరు, వైరింగ్ మొత్తం. స్క్రాప్ కొట్టులో వైరింగ్‌ని కటింగ్ ప్లేయరుతో కోసి ఇస్తారు. కోసిన వైరింగ్ ఇస్తే ఇంజన్ సగం ధరకి ఇచ్చినా వద్దనండి. అమ్మేవాడు స్టార్ట్ చేసి చూపిస్తానంటే ముందు బ్లాకు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, రేపొస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో చూడాలి. ఇంజెక్టర్ల రిటర్న్, అంటే అవి వెనక్కి వదిలే డీజిల్, కొలిపించండి, టర్బో షాఫ్ట్‌ని వేలితో అటూ ఇటూ ఆడించండి, ఆయిల్ మూత తీసి పొగ కొడుతుందేమో చూడండి.

ఈసీయూని బానెట్ కింద పెట్టకండి, డ్యాష్‌బోర్డు వెనక ఎత్తులో పెట్టండి. 2022 జులై వరదలప్పుడు లంకల్లో బళ్లు ఎంతెంత నీళ్లలో పోయాయో మీరూ చూసే ఉంటారు. గాలి పీల్చే గొట్టం కూడా అంతే, ఎంత పైకి తీసుకుంటే అంత మంచిది. సిలిండర్‌లోకి నీళ్లు లాగితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అప్పుడు ఏ రీమ్యాపూ ఆదుకోదు. రేడియేటరు ఇంజన్‌తో వచ్చినదే వాడండి, ఫ్యాను చుట్టూ ఉండే డొప్పతో సహా. మే నెలలో గట్టు మీద మొదటి గేరులో పోతుంటే ఎదురుగాలి ఉండదు, ఆ డొప్పే గాలిని రేడియేటరు గుండా లాగించాలి.

బ్రేకులు చివర రాశానని చిన్న విషయం అనుకోకండి. 60 నుంచి 90కి వేగం పెరిగితే ఆపాల్సిన శక్తి రెండుంపావు రెట్లు అవుతుంది. ముందు డిస్కులు, బూస్టర్, డబుల్ లైన్ మాస్టర్ సిలిండర్ లేకుండా ఈ ఇంజన్ ఎక్కించమంటే నేనైతే పని ఒప్పుకోను.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఇంజన్ మారిస్తే ఆర్టీవో అనుమతి ఉండాలి, ఆర్‌సీలో ఇంజన్ నంబరు మారాలి. ఉన్న రకం ఇంజనే మళ్లీ వేయడం ఒక సంగతి, రెట్టింపు పవరున్న వేరే రకం వేయడం ఇంకో సంగతి. వేరే రకానికి అనుమతి రాకపోవచ్చు, డీఐ టర్బోకి కూడా అడగాల్సిందే. కాబట్టి కొనకముందే ఆఫీసుకి వెళ్లి, ఈ బండికి ఈ ఇంజన్ వేస్తే ఆర్‌సీలో ఎక్కిస్తారా అని అడిగి, జవాబు కాగితం మీద తెచ్చుకోండి. కాదంటే ప్యూజోకే బోరు చేయించి, మిగిలిన డబ్బు టైర్ల మీద, బ్రేకుల మీద పెట్టండి. బిల్లు లేని ఇంజన్ అసలు ముట్టుకోకండి, అది ఎవరి బండిలోంచి వచ్చిందో మనకి తెలియదు. చెప్పకుండా మార్చేస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు మొదట చూసేది ఇంజన్ నంబరే.

డబ్బు విషయంలో నా అనుభవం ఒక్క ముక్క: ఇంజన్‌కి ఒక రూపాయి అనుకుంటే, దాని చుట్టూ ఇంకో రూపాయి అవుతుంది. మొదటి రూపాయి మాత్రమే చేతిలో ఉంటే పని మొదలుపెట్టకండి. సగం విప్పిన బండి వర్షాకాలంలో షెడ్డు బయట ఉంటే ఏమవుతుందో మా ఊళ్లో మూడు నమూనాలున్నాయి.

ముందు కాటా చీటీలు నాలుగూ, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఆ అంకె, సుత్తితో కొట్టినప్పుడు డబ్ అన్న చోట్లకి ఫొటోలు పంపండి. ఆటోనగర్ ఆయన వేరే బేరం వచ్చిందని తొందరపెడితే పెట్టనివ్వండి, అలాంటి ఇంజన్లు అక్కడ నెలకొకటి దిగుతుంటాయి.